పక్కటెముక చప్పుడు

బొమ్మల ఊరు మాది, జోన్నెబెర్గ్.
కొండ వాలున నల్లరాతి పలకల కప్పులు,
నవంబరులో మూస్తే మార్చిదాకా తెరవని కిటికీలు.
ముప్పై ఒక్క ఏళ్ళు ఫ్యాక్టరీలో
పడుకోబెడితే కళ్ళు మూసే పాపల్ని చేశాను.
రెప్ప వెనక సీసపు గుండు ఎంత బరువుండాలో
నా బొటనవేలికి తెలుసు,
త్రాసుతో పని లేదు.

ఇప్పుడు చేసేవి
పడుకోబెట్టినా కళ్ళు మూయవు.
టార్చి వేస్తే ఒక కనుపాప చిన్నదవుతుంది,
రెండోది కాదు.
అది కావాలనే.

మొదటి చెయ్యి పూర్తిచేసిన రోజు
అద్దం ముందు నిలబెట్టినంత మురిసిపోయాను.
మోచేతి మడతలో నీలంగా, తిన్నగా,
ఎవరికైనా దొరికే నరం.
ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సు గుడ్రున్
మొదటి పోటుకే ఎర్రనీళ్ళు చూసి
సూది బల్ల మీద పెట్టేసింది.
"ఇంత మంచి నరం ఎవరికుంటుందమ్మా?
నా దగ్గరికి ఎండిపోయినవాళ్ళు వస్తారు,
వణికేవాళ్ళు వస్తారు,
మూడో పోటుకి నన్ను తిట్టేవాళ్ళు వస్తారు.
పారిపోయే నరం చెయ్యి."

పనితనం నేర్చుకున్న చేతికి
పాడుచెయ్యడం నేర్పడానికి ఒక చలికాలం పట్టింది.
గొట్టాన్ని మెత్తని జిగురులో వదులుగా పరిచాను,
సూది తగలగానే పక్కకి ఒత్తిగిల్లేలా.
నాలుక వాచేలా చేశాను, మెడ బిగుసుకునేలా చేశాను,
ఒక ఊపిరితిత్తిని మూగదాన్ని చేశాను.
"ప్రాణం పోశావు రోస్విటా" అంటాడు
నెలనెలా లెక్కలు చూసుకునే షాంబాఖ్.
నేను పోసేది రోగం. ఆయనకి చెప్పలేదు.

తరవాత ఓట్‌మార్ వచ్చాడు,
ఇరవై తొమ్మిదేళ్ళు అంబులెన్సులో తిరిగినవాడు.
కోటు విప్పలేదు. బొమ్మ ఛాతీ మీద చేతులు వేసి
పది సార్లు నొక్కాడు.
స్ప్రింగు కిర్రుమంది.
"చప్పుడు లేదు" అన్నాడు.
ఏ చప్పుడు?
కాఫీ చల్లారేదాకా కిటికీ వైపే చూశాడు.
ఉద్యోగంలో మొదటి ఏడు. ఎవరిదో వంటిల్లు.
పొయ్యికీ బల్లకీ మధ్య నేల మీద ఒక ముసలావిడ.
మూడో నొక్కుకి తన అరచేతి కింద
ఎముక విరిగింది.
"నేనే చంపాననుకున్నాను. చేతులు తీసేశాను.
గోడకి గడియారం ఉంది.
పదకొండు సెకన్లు."
ఆవిడ ఏమైందో అతను చెప్పలేదు,
నేను అడగలేదు.

చప్పుడు వెతకడం మొదలైంది.
అతను పక్కగదిలో గోడ వైపు తిరిగి కూర్చుంటాడు,
నేను ఇక్కడ విరుస్తాను.
పచ్చి సేమ్యా కట్ట. కాదు.
తడిగుడ్డలో సెలెరీ కాడ. దగ్గరగా ఉంది, కాదు.
అక్రోటు, హేజెల్ కొమ్మ, నా పాత దువ్వెన.
కాదు, కాదు, నవ్వించకు.
చివరికి అటక మీద మిగిలిన
పాత బొమ్మల పెట్టె చెక్క పల్చగా చీల్చి,
గొంగళి ముక్కలో చుట్టి నొక్కాను.
పక్కగదిలోంచి మాట రాలేదు.
వెళ్ళి చూస్తే
తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మొన్న మంగళవారం కొత్త పిల్లల బ్యాచ్.
మెహ్‌తాప్ అనే అమ్మాయి, జుట్టు బిగించి కట్టుకుని,
పందొమ్మిదేళ్ళుంటాయేమో.
ఒకటి, రెండు, మూడు...
విరిగింది.
వేడిగిన్నె ముట్టుకున్నట్టు చేతులు గాల్లోకి లేచాయి.
ఎవరూ కదల్లేదు.
వెనక వరసలోంచి ఓట్‌మార్ గొంతు,
గట్టిగా కూడా కాదు:
"లెక్క ఎక్కడిదాకా వచ్చింది?"
"మూడు."
"అయితే నాలుగు."
చేతులు దిగాయి.
నేను గడియారం చూశాను. ఆరు సెకన్లు.

సాయంత్రం ఛాతీ మూత విప్పి
విరిగిన చెక్క తీసి కొత్తది అమర్చాను.
ఇలాంటివి డబ్బాలో ఇంకో రెండు వందలున్నాయి.
లైటు ఆపబోతూ, అలవాటున,
బొటనవేలు దాని రెప్పల దాకా వెళ్ళింది.
ఆగాను.
తెరిచిన కళ్ళతో అలాగే వదిలేసి తాళం వేశాను.
పొద్దున ఎనిమిదింటికి ఇంకో బ్యాచ్.